సైగాన్ పెద్దమ్మ పింగాణీ గిన్నె

మే నెల ఎండలు బాగా ముదిరినప్పుడు మా పుదుచ్చేరిలో వాటిని కత్తిరి ఎండలంటారు. పోయిన వారం అలాంటి ఒక ఉదయం ఎవరో అమ్మాయి ఫోన్ చేసి, "మీ పాత ఇంటి పక్కన మా అమ్మమ్మ ఉండేది" అని ఇంగ్లీషులో అంది. ఏ అమ్మమ్మో నేను అడగాల్సిన అవసరం లేకపోయింది. ఆ పిల్ల ఫ్రాన్సు నుంచి వచ్చి పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగిందట. చేతిలో ఒక పాత ఫోటో పట్టుకుని మా పాత వీధిలో ఇల్లిల్లూ తిరిగితే, ఎవరో మురుంగపాక్కంలో ఉంటున్న నా నెంబరు ఇచ్చారట. ఎల్లుండి తెల్లవారుజామున తిరుగు ప్రయాణం. ఫోన్ పెట్టేసి నేను చేసిన మొదటి పని నిచ్చెన తెచ్చి అటక ఎక్కడం. అరవై దాటిన మనిషివి, నీకిదేం పొయ్యేకాలం అని మా ఆయన కింద నుంచి కేకలు వేస్తూనే నిచ్చెన కదలకుండా పట్టుకున్నాడు. మా అమ్మ పాత చీర ముక్కలో చుట్టిపెట్టిన పింగాణీ గిన్నె, లోపల నీలం చేప బొమ్మ, అంచున చిన్న పెచ్చు ఊడిన చోటు, అన్నీ అలాగే ఉన్నాయి. నలభై ఏళ్ళుగా ఆ గిన్నె మా ఇంట్లో ఉంది. అది మాది కాదు.

గిన్నె గలావిడను మా అమ్మ అక్కా అని పిలిచేది కాబట్టి మాకు పెద్దమ్మ. వీధికంతా సైగాన్ పెద్దమ్మ. చీనా మనిషి, సైగాన్‌లో పుట్టింది. ఫ్రెంచి పటాలంలో పనిచేసిన మా ఊరి తమిళాయన అక్కడ ఆమెను పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. మేం ఆ వీధికి వచ్చేసరికి ఆయన పోయాడు, పెద్దమ్మ కూతురితో ఉండేది. మా నాన్న మిల్లు కూలీ. మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ, రాయడం నాకొక్కదానికే పట్టుబడింది. మా అమ్మ తెలుగులో సగం తమిళం, పెద్దమ్మ తమిళంలో సగం ఇంకేదో. అయినా పెరటి గోడకు చెరోవైపు నిలబడి ఇద్దరూ పొద్దు గూకేదాకా మాట్లాడుకునేవాళ్ళు. ఒకరి మాట ఒకరికి ఎంత అర్థమయ్యేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్నప్పుడు, ఒక వేసవి మధ్యాహ్నం ఆ గిన్నె మొదటిసారి గోడ దాటి మా ఇంటికి వచ్చింది. మూత తీస్తే తెల్లగా, మెత్తగా, వేలు తగిలితే వణుకుతూ ఏదో ఉంది. పక్కన బుల్లి కప్పులో నల్లటి పులుసు. మా అమ్మ ముఖం వెలిగిపోయింది. "జున్నురా! అక్క వాళ్ళ ఆవు ఈనింది" అంది. పెద్దమ్మ ఇంట్లో ఆవు యాడుందే అని మా నాన్న అడుగుతున్నా వినకుండా, యాలకులు దంచి చల్లి, ఆ నల్లది తాటిబెల్లం పాకమే అనుకుని మొత్తం కుమ్మరించి, దేవుడి ముందు పెట్టి తెచ్చింది. మొదటి ముద్ద మా నాన్నది. "ఏందే ఇది, జున్నులో ఉప్పేసిందే ఆయమ్మ!" అన్నాడు. అది సోయా చిక్కుళ్ళ పాలు విరగ్గొట్టి చేసిన టోఫూ అనీ, ఆ నల్లది సోయా సాసు అనీ మాకు తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. జున్ను వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి ఇస్తే ఆవు ఎండిపోతుందని మా అమ్మ నమ్మకం. అందుకని పిడికెడు బియ్యం, బెల్లం ముక్క వేసి ఆ గిన్నె గోడ మీద నుంచి అందించి, "అక్కా, ఇది నీ ఆవుకు" అని చెప్పింది. లేని ఆవుకు మేత అందుకున్న పెద్దమ్మ మా అమ్మ ముఖంలోకి చూసి, రెండు చేతులతో గిన్నె తీసుకుని గుండెకు ఆనించుకుంది. నవ్వలేదు, కాదనలేదు.

ఆ తర్వాత ప్రతి వేసవీ ఆ గిన్నె అటూ ఇటూ తిరిగింది, ఖాళీగా మాత్రం ఎప్పుడూ కాదు. అటు నుంచి టోఫూ, ఇటు నుంచి చారెడు మునగాకో, నాలుగు నిమ్మకాయలో. పెద్దమ్మ ఆ వంట చేస్తుంటే పక్కన చేరడం నాకు పండగ. రాత్రి నానేసిన చిక్కుళ్ళు రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలు కాచి, ఉప్పు బస్తా నుంచి కారితే పట్టి ఉంచిన చేదు నీళ్ళు చెంచాతో అందులో కలిపేది. కొంచెం ఎక్కువైతే చేదు, తక్కువైతే పేరుకోదు. పాలు విరుగుతున్నంతసేపూ మాట్లాడనిచ్చేది కాదు. పేరుకున్నాక బకెట్లో పెట్టి బావిలోకి దించేది, మా వీధిలో అప్పటికి ఫ్రిజ్ ఎవరింట్లోనూ లేదు. మధ్యాహ్నం పైకి లాగి, ఉల్లికాడలు, అల్లం సన్నగా తరిగి వేసి, సాసు పోసి, చివరగా నువ్వులు నల్లగా వేయించి తీసిన నూనె చుట్టేది. నువ్వుల నూనె శనివారం తలకు రాసుకునేదే అని మా అమ్మ మొదట్లో ముక్కు మూసుకునేది, తర్వాత గిన్నె అంచు వేలితో తుడిచి నాకేది. ఆ చల్లదనం గొంతులోంచి జారుతుంటే ఎండ ఒక్క నిమిషం వీధిలోనే ఆగిపోయినట్టుండేది. అంత చల్లగా నేను మళ్ళీ ఏదీ తినలేదు.

నేను కాలేజీలో ఉన్న ఏడు, పెళ్ళై ఫ్రాన్సులో ఉంటున్న పెద్దమ్మ కూతురు తల్లిని తన దగ్గరికి పిలిపించుకుంటుందని విన్నాం. వచ్చే నెల అన్నారు. గిన్నె అప్పుడు మా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం మా అమ్మ ఆవకాయ కలుపుతుంటే పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "గిన్నె ఇస్తావా అమ్మా" అంది. మా అమ్మ ఆవపిండి చేతులు చూపించి, "ఇప్పుడు గిన్నెతో ఏంది పని అక్కా? రెండు దినాలు ఆగు. మూడో దినం ఊరగాయ తిరగగలిపి నిండా పెట్టిస్తా. ఖాళీ గిన్నె ఇయ్యను నేను" అంది. పెద్దమ్మ వంగి ఒక పచ్చి మామిడి ముక్క తీసుకుని కొరికింది. "సరే, ఉండనీ" అని వెళ్ళిపోయింది. మూడో రోజు మా అమ్మ గిన్నె నిండా ఆవకాయ పెట్టి నన్ను పంపితే, తలుపుకి తాళం. టిక్కెట్టు ముందుకు జరిగిందట, అంతకు ముందు రోజు తెల్లవారుజామునే కారులో మద్రాసు వెళ్ళిపోయిందని ఎదురింటివాళ్ళు చెప్పారు.

చెప్పకుండా పోయిందని మా అమ్మ ఒక ఏడాది కోపం పెట్టుకుంది. ఆ తర్వాత కోపం తన మీదికే మళ్ళింది. "గుమ్మంలోకి వచ్చి నిలబడిందే, నేను ముఖమన్నా చూళ్ళేదే" అనేది, ఆవకాయ కలిపే ప్రతిసారీ. అడ్రసు లేదు, ఉత్తరం లేదు. గిన్నెను ఎవరినీ వాడనివ్వలేదు. పదేళ్ళ కిందట తను పోయేముందు కూడా, "ఆయమ్మ మనిషెవరన్నా వస్తే ఖాళీగా మాత్రం ఇయ్యబాకు" అని నాకు చెప్పి పోయింది.

సరే, ఇప్పుడేం పెట్టి ఇవ్వాలి? ఆవకాయకు కాయలు సరిగ్గా ఫోన్ వచ్చిన ఆ ఉదయమే కొట్టించి తెచ్చాం. అది మూడో రోజుకు చేరేసరికి అమ్మాయి విమానంలో ఉంటుంది. మా అమ్మ చేసిన పొరపాటు నేనూ చేయదలచుకోలేదు. టోఫూకి ఊరేదాకా ఆగే పని లేదు. సూపర్ మార్కెట్లో పాకెట్ దొరికింది, బావి బదులు ఫ్రిజ్. నూనెకు నువ్వులు వేయిస్తూ రెండుసార్లు మాడ్చాను, మూడోసారి పెద్దమ్మ పెరటి వాసన వచ్చింది. నాకు స్టవ్ దగ్గర ఏడుపొచ్చింది. మర్నాడు సాయంత్రం, ఐసు ముక్కలు పోసిన టిఫిన్ డబ్బాలో గిన్నెను కూర్చోబెట్టి ఆటో ఎక్కాను.

గెస్ట్‌హౌస్ వాకిట్లో ఆ పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయేమో, అచ్చం పెద్దమ్మ కళ్ళు. పెద్దమ్మ పోయిన చలికాలంలో, తొంభై దాటాక పోయిందట. అన్నాళ్ళూ బతికే ఉందన్న మాట నేను జీర్ణించుకునేలోపే పిల్ల చెంచా అందుకుంది. మొత్తం తినేసింది. "అమ్మమ్మది ఇంత ఉప్పగా ఉండేది కాదు" అంది. అమ్మమ్మ చేతి రుచి పిల్లకు గుర్తుందని నాకు సంతోషమే వేసింది. లేచి గిన్నె కుళాయి కింద కడిగి, తుడిచి, నా చేతిలో పెట్టబోయి ఆగింది. గిన్నె నీదేనమ్మా అని నేను జరిగిందంతా చెప్పాను. ఆ పిల్ల వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"మా అమ్మమ్మ ఎవరి గిన్నెనూ ఖాళీగా ఇచ్చేది కాదు. ఒక ఉల్లిపాయైనా వేసి ఇచ్చేది. ఎందుకని అడిగితే, ఖాళీగా ఇస్తే ఆవు ఎండిపోతుంది అనేది. మేం ఉండేది నాలుగో అంతస్తు. మనకు ఆవు యాడుంది అమ్మమ్మా అని ఇంట్లో అందరం ఏడిపించేవాళ్ళం. ఉంది, పుదుచ్చేరిలో ఒకటుంది, అనేది."

మా అమ్మ ఉండి ఈ మాట వినాల్సింది. పిల్ల గిన్నె తిరిగి నా చేతిలో పెట్టలేదు, తన సంచిలో బట్టల మధ్య పెట్టుకుంది. "ఇప్పుడిది ఖాళీగా ఉందిగా, ఎలా ఇవ్వను? ఏదైనా పెట్టి తెస్తాను" అంది. వస్తుందో రాదో, ఆ వయసులో అందరం అంటాం. నేను మాత్రం పెద్దమ్మలాగే, సరే, ఉండనీ అన్నాను.

మర్నాడు మూడో రోజు. ఆవకాయ తిరగగలిపి, ఒక చిన్న జాడీలోకి వేరే తీసి, గిన్నె ఉండే చోటనే అటక మీద పెట్టించాను. రెండు రోజులు ఆగమంటే నలభై ఏళ్ళు గడిచాయి మాకు. ఈసారి ఎన్నాళ్ళన్నది నేను లెక్క పెట్టడం లేదు, ఆవకాయ తొందరగా చెడదు.