ఒక్క గీతే పడింది

మా వీధి టైలరక్క పోయిన నెలలో చనిపోయింది. కబురు అందేటప్పటికి నేను బళ్లో తొమ్మిదో తరగతికి సైన్సు పాఠం చెబుతున్నాను. ఆమె భర్త ఫోన్ చేసి, "మీ అక్క ల్యాదు టీచరమ్మా" అని పెట్టేశాడు. అనంతపురం ఆసుపత్రిలో చేర్చి అప్పటికి నాలుగు రోజులు. ఇంకా యాభై కూడా నిండని మనిషి.

సాయంత్రానికి అక్కను మా ఊరు పామిడికి తీసుకొచ్చారు. చూడవచ్చినవాళ్లంతా ఒకటే మాట: మంచాన పడి నలగలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు, పుణ్యాత్మురాలు, నాలుగు రోజుల్లో దాటిపోయింది అని. గోడకు ఆనుకుని వింటుంటే నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. అక్క నాలుగు రోజుల్లో పోలేదు. ఏడాదిన్నరగా మా అందరి కళ్లముందే కొంచెం కొంచెంగా పోయింది. ఆ ఏడాదిన్నరలో రెండుసార్లు ఆమె వేలు పొడిచింది, ఏమీ లేదని చెప్పింది నేనే. పొగుడుతూ రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

అక్క ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను. పొద్దున రవికలు, పంజాబీ డ్రస్సులు, మధ్యాహ్నం నుంచి బజారులోని బట్టల కొట్టుకు నైటీలు. మాట్లాడేటప్పుడు నోట్లో గుండుసూదులు ఉండేవి. వాటి సందుల్లోంచి వచ్చే మాట అర్థం చేసుకోవడానికి, ఆ వీధికి కొత్తగా వచ్చిన నాకు, చాలా రోజులే పట్టింది. ఎవరి కొలతలూ పుస్తకంలో రాసుకునేది కాదు. ఏడాది తర్వాత వెళ్లినా "నీ ఎడమ భుజం వాలు కదా" అనేది. కొలతలో తేడా వస్తే మనం నొచ్చుకుంటామని దాచేది కాదు. "టేపుకు మొగమాటం ల్యాదు" అనేది. తొందరపెట్టే వాళ్లకు ఇంకో మాట ఉండేది: "గుడ్డ కోసేముందే ఆలోచించల్ల. కోసినాక ఆలోచిస్తే దాన్ని ఏడుపు అంటారు."

ఆరేళ్ల కిందట నా రవిక కొలుస్తూ ఆగిపోయింది. టేపు తీసి మళ్లీ చుట్టింది. నోట్లో సూదులు చేతిలోకి ఉమ్ముకుని, "టీచరమ్మా, మూడంగుళాలు పెరిగినావు. చెయ్యి కూడా ఊదినట్టుండాది. నువ్వు తినేది నాకు తెల్దా? ఇది తిండి ఒళ్లు కాదు. పొయ్యి రగతం చూపిచ్చుకో" అంది. అప్పటికి నాకు మెట్లు ఎక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు, ఎప్పుడూ నిద్రమత్తు. వయసు అనుకుని ఊరుకున్నాను. ఆమె పోరు పడలేక అనంతపురం పోతే థైరాయిడ్ మందగించిందని తేలింది. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం పరగడుపున మాత్ర మింగుతున్నాను. నాకే కాదు, వీధిలో ఇంకో ఇద్దరికి కూడా జబ్బును ముందుగా పట్టింది డాక్టర్లు కాదు, అక్కే.

మాత్ర మింగేవాళ్లకు కొన్నాళ్లకోసారి రక్తపరీక్ష తప్పదు. అనంతపురం పోయి రావాలంటే ఒక సెలవు, రెండు బస్సులు, పరగడుపున లైన్లో నిలబడడం. విసిగిపోయి ఉన్నప్పుడు బళ్లో తోటి టీచరు ఫోన్లో ఒక డబ్బా చూపించింది. ఇంట్లోనే థైరాయిడ్ చూసుకునే పట్టీ. తెప్పించాను. డబ్బాలో రెండు పట్టీలు. వేలు పొడిచి గుంటలో ఒక చుక్క రక్తం వేసి, దానిమీద సీసాలోని మందునీళ్లు రెండు చుక్కలు వేసి, పదిహేను నిమిషాలు ఆగాలి. రెండు గీతలు పడితే రక్తంలో టీఎస్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువ ఉన్నట్టు, ఒక్క గీతే పడితే ఎక్కువ లేనట్టు. నాకు ఒక్క గీతే పడింది. మాత్రలు సరిగ్గా పని చేస్తున్నాయని సంతోషించాను. రెండో పట్టీ మిగిలింది.

ఆ రోజుల్లోనే అక్క చిక్కిపోవడం మొదలైంది. తిండి తగ్గలేదు, నిజానికి పెరిగింది. రెండు ముద్దలు తినే చోట నాలుగు తినేది. అయినా చెంపలు లోపలికి పోయాయి. ఏం తిని తగ్గినావక్కా, మాకూ చెప్పు అని ఆడవాళ్లు అడిగేవాళ్లు. ఆమెకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది. రవికలు వదులైతే పక్కన ఇంకో కుట్టు వేసుకుంది. వీధిలో అందరినీ కొలిచిన మనిషి తన రవిక మాత్రం పాతది ముందు పెట్టుకుని కుట్టుకునేది. టేపు తన ఒంటికి చుట్టుకోలేదు.

చెమటలు పోస్తున్నాయంటే, పామిడి ఎండల్లో చెమట పోయనిది ఎవరికి అన్నాం. నిద్ర పట్టడం లేదంటే, నెలలు ఆగిపోయే వయసు కదా అన్నాం. సూదిలో దారం ఎక్కడం లేదని కళ్లజోడు మార్పించుకుంది. కొత్త జోడుతోనూ ఎక్కలేదు. చూపు కాదు, చెయ్యి వణుకుతోంది. దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. నేను పోయి ఎక్కించి వచ్చేదాన్ని. పిల్లలకు శరీరం గురించి పాఠాలు చెప్పే నేను, ఆ వణుకును రోజూ దగ్గరనుంచి చూస్తూ, దారం ఎక్కించి వచ్చేదాన్ని.

ఒక ఆదివారం మిగిలిన పట్టీ తీసుకుని పోయాను. వేలు పొడిస్తే నవ్వింది, సూది పోటు నాకు కొత్తా అని. ఇద్దరం పదిహేను నిమిషాలు దానివైపే చూస్తూ కూర్చున్నాం. ఒక్క గీతే పడింది.

"థైరాయిడ్ కాదక్కా, ఏం ల్యాదు" అన్నాను.

ఆ మాట ఆమె వీధంతా చెప్పుకుంది. విడపనకల్లులో ఇచ్చిన కూతురికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

దీపావళి దాటాక గుండె దడ మొదలైంది. మిషను తొక్కుతూ మధ్యలో ఆగి ఎదమీద చెయ్యి పెట్టుకునేది. మళ్లీ ఒక పట్టీ తెప్పించమంది. తెప్పించాను. మళ్లీ ఒక్క గీతే. ఈసారి నాకు ఎందుకో నమ్మకం కుదరలేదు. ఆమె మణికట్టు పట్టుకుని చూశాను. నాడి ఒకసారి పరుగెడుతోంది, ఒకసారి తప్పుతోంది. అనంతపురం పోదాం, రేపే సెలవు పెడతాను అన్నాను.

"ఏమప్పా, నువ్వే రెండు మాటలు చెప్తే ఎట్ల?" అంది అక్క. "ఒక్క గీతంటే ఏం ల్యాదని నువ్వే అంటివి. ఒగసారి కాదు, రెండుసార్లు చూస్తిమి. ఇంగ ఆడికి పొయ్యి ఏం చూపించల్ల?"

"అది థైరాయిడ్ మాటక్కా. గుండె వేరే కదా."

"ఈ పెండ్లి గుడ్డలు అయిపోనీ. ఆపైన చూద్దాం."

నేను ఇంకా గట్టిగా అడగాల్సింది. చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించాల్సింది. నా మాటనే నా మీదికి విసిరిందని నాకు రోషం వచ్చింది. నీ ఇష్టం అని లేచి వచ్చాను. వారం రోజులు అటు పోలేదు. ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకోవాలనిపిస్తుంది.

ఆ వారం తిరిగేసరికి, పోయిన నెల ఒక ఉదయం గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర చేతిలోంచి జారిపోయింది. వంగి తీయబోతే కుడి చెయ్యి లేవలేదు. భర్తను పిలవబోతే మాట రాలేదు. అంబులెన్సులో అనంతపురం తీసుకుపోయారు. గుండె లయ తప్పి, అందులో కట్టిన రక్తపు గడ్డ మెదడుకు పోయిందన్నారు. మర్నాడు నేను ఆసుపత్రికి పోయేటప్పటికి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. థైరాయిడే. నాలా మందగించడం కాదు, హద్దు మీరి పని చేయడం.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఎన్నాళ్ల నుంచి చిక్కిపోతోంది, చేతులు వణికేవా, ఎవరికీ చూపించలేదా అని అడిగింది. పట్టీ సంగతి చెప్పాను. ఆమె చాలా నెమ్మదిగా వివరించింది. మెడలోని గ్రంథి మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అది ఎక్కువగా పని చేస్తే టీఎస్‌హెచ్ అడుగంటుతుంది. ఆ పట్టీ పెరిగిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. బాగున్నవాళ్లకూ ఒక్క గీతే, అడుగంటినవాళ్లకూ ఒక్క గీతే. అంటే అక్కకు రెండుసార్లు కాదు, ఇరవైసార్లు చూసినా ఒక్క గీతే పడేది. ముందే తెలిసి ఉంటే మాత్రలతో అదుపులో పెట్టే జబ్బని కూడా చెప్పింది. ఆమె నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి డబ్బా వెతికి లోపలి కాగితం తీశాను. చీమ తలకాయంత అక్షరాలు, అన్నీ ఇంగ్లీషు. గ్రంథి అతిగా పని చేసేవాళ్లను ఈ పరీక్ష పట్టలేదని అందులో రాసే ఉంది. నేను బొమ్మలు మాత్రమే చూశాను. ఎన్ని చుక్కలు, ఎన్ని నిమిషాలు, ఎన్ని గీతలు. ప్రశ్న రెండుసార్లు చదవండిరా అని ఏటా పిల్లల మీద అరిచే టీచరును. అంత ముఖ్యమైన మాటను అంత చిన్న అక్షరాల్లో వేసిన వాళ్లమీద కోపం వస్తుంది. సరైన పరీక్షకు ఒక రోజు బతుకు ధారపోయాల్సిన మా ఊరి మీద వస్తుంది. పెళ్లిబట్టల పేరు చెప్పి ఒంటిని వాయిదా వేసిన అక్క మీద కూడా వస్తుంది. తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చి ఆగుతుంది.

దినాలు అయ్యాక అక్క కూతురు నన్ను అడిగింది.

"ఆ పట్టీ మీరు తెచ్చిందేనా మేడమ్?"

అవునన్నాను.

"టీచరమ్మ చూసింది, ఏం ల్యాదన్నాది అని మాయమ్మ ఫోన్లో చెప్పినాది. అందుకే నేను కూడా పట్టు పట్టలేదు."

నేను ఆ కాగితం ఆమె చేతికిచ్చి, ఏ వాక్యమో వేలు పెట్టి చూపించాను. చూసింది. మడతలు చెడకుండా మడిచి నాకే తిరిగి ఇచ్చింది. "మీరు చదువుకున్నోళ్లు" అంది, అంతే.

తర్వాత ఇంటింటికీ పోయి చెప్పాను. చిక్కినా, ఊరకే బరువెక్కినా, దడ వచ్చినా, చేతి నరంలోంచి తీసిన రక్తంతోనే చూపించుకోండి అని. వింటూనే ఒకామె, ఆ పట్టీ ఇంకొకటి ఉంటే ఇయ్యి, పదిహేను నిమిషాల్లో అయిపోతాది కదా అంది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. అనంతపురంలో ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయే వాళ్లకు ఫోన్లు చేశాను. పామిడి దూరమన్నారు కొందరు. చివరకు ఒక లాబులో పనిచేసే ఆమె, ఎనిమిది మంది ఉంటే వస్తానంది. ఏడుగురు దొరికారు. ఎనిమిదో చెయ్యి ఎవరిదా అని నేను లెక్క చూసుకుంటుంటే, మా వీధిలో ఎవరింట్లో కూర్చుంటారని అక్క కూతురు అడిగింది. వాళ్లమ్మ ఇంటి తలుపు తీసి, వసారాలో తానే చాప పరిచింది. తన చెయ్యీ చాపింది.

ఆ ఎనిమిది మందిలో ఇద్దరికి తేడా ఉందని రిపోర్టుల్లో తేలింది. ఒకామెది అచ్చం అక్క జబ్బే. సన్నబడ్డావని ఆమెను కూడా అందరం మెచ్చుకున్నవాళ్లమే. ఇప్పుడు మందు మింగుతోంది, గుండె బాగానే ఉందన్నారు. ఈ మాట నాకు ఊరటే. కానీ చాలా ఆలస్యంగా వచ్చిన ఊరట.

రక్తం తీసుకున్న ఆ పొద్దున మాత్రం కళ్లలోంచి పోవడం లేదు. లాబు ఆమె దూది పెట్టి, మోచెయ్యి మడిచి అయిదు నిమిషాలు కదలకుండా ఉండమని చెప్పింది. ఎనిమిది మంది ఆడవాళ్లు గోడ వెంట వరసగా కూర్చున్నారు, అందరి మోచేతులూ మడిచి ఉన్నాయి. అప్పుడే వీధి కొళాయికి నీళ్లొచ్చాయి. మూడు రోజులకోసారి వచ్చే నీళ్లు. బిందెలు ఆ పక్కనే ఉన్నాయి. నీళ్లు బండమీద పడి చింది మట్టిలోకి పోతున్నాయి. అందరూ అటే చూస్తున్నారు. ఒక్కరూ లేవలేదు.