కాలిపోయిన హోటల్లో కాఫీ

మంచు ముఖం ఎరగని నేను ఆ రోజుల్లో ఓ అమెరికా కొండ ఊరికి దారులు చెప్పి బతికేదాన్నంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. మలేషియాలోని సుంగై సుమున్ కొబ్బరితోటల్లో పుట్టినదాన్ని. మా వైపు అన్నిటికన్నా ఎత్తయినది కొబ్బరిచెట్టే. అలాంటి నాకు కౌలాలంపూర్‌లో మొదటి ఉద్యోగం, ఆ కొండ ఊరు చూడబోయే యాత్రికుల ఈమెయిళ్ళకు జవాబులు రాయడం. (వాళ్ళు రాత్రి భోంచేసి అడిగేవారు, మేం పొద్దున్నే టీ తాగుతూ చెప్పేవాళ్ళం.) మూడు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. చెయ్యకపోతే ఊరెళ్ళి మా చిన్నాన్న కొబ్బరి మండీలో కూర్చోవాలి. అదొక్కటే నా భయం.

అందుకని ఆ ఊరిని కంఠతా పట్టేశాను. రెండు కొండల నడుమ ఇరుకు లోయ, మధ్యలో వాగు, ఉన్నది ఒకటే పెద్ద వీధి. చలికాలం కనుమదారి మంచుతో మూసుకుపోతుంది. వెండి దొరికిందని జనం ఎగబడి వచ్చారు, వాళ్ళకోసం రైలొచ్చింది, రైలుకెదురుగా రెండంతస్తుల చెక్క హోటలొచ్చింది. వెండి ధర పడిపోగానే జనం పోయారు, వాళ్ళ వెనకే రైలూ పోయింది. సెలవుకి ఇంటికెళ్ళి ఇదంతా చెబితే మా మామ్మ బుగ్గలు నొక్కుకుని, "అచ్చం మన తోటలాగే ఉందే! దొరలొచ్చినారు, పనోళ్ళొచ్చినారు, దొరలెల్లిపోనారు. అక్కడ మనోళ్ళెవులైనా ఉన్నారేటే?" అంది.

ఒకరోజు ముసలి దంపతులెవరో, వాగు దాటాక కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. "స్టేషన్ దగ్గర ఎడమకి తిరగండి. ఎదురుగా చెక్క హోటలు. వరండాలో కూర్చుంటే కొండలు రెండూ కనిపిస్తాయి" అని హాయిగా రాసేశాను. మర్నాడు జవాబు: "స్టేషనూ లేదు, హోటలూ లేదు. మోకాలెత్తు గడ్డిలో నిలబడ్డాం. కాఫీ ఎవరిస్తారు?" ఆ హోటలు మా మామ్మ పుట్టకముందే కాలిపోయింది. ఆ సంగతి చదివానండీ! చదివినా నా బుర్రలో అది నిక్షేపంగా నిలబడే ఉంది. మా వైపు అంతే. "బస్సు దిగి కల్లుపాక కాడ ఎడంసేతికి తిరుగు" అంటుంది మామ్మ. ఆ కల్లుపాకని నేను పుట్టేనాటికే పడగొట్టేశారు. అయినా మా ఇంటికి దారి తప్పినవాళ్ళు లేరు.

మా సూపర్‌వైజరక్క తెలుగావిడే. కోపం వస్తే తప్ప ఆవిడకి తెలుగు వచ్చేది కాదు. "కాలిపోయిన హోటల్‌కి కాఫీకి పంపినావా? బుర్రుందేటే నీకు? సారీ రాయి, ఇప్పుడే లా!" అని, మలేషియాలో ప్రతి మాటకీ తగిలించే ఆ 'లా'తో సహా విరుచుకుపడింది. వెంటనే రాశాను. ఊరుకున్నానా, మా కల్లుపాక సంగతీ రాశాను, హోటలు వరండా ఏ వైపుండేదో, రైలు ఎక్కడాగేదో కూడా రాశాను. (సంజాయిషీ అడిగితే చరిత్ర చెప్పడం మా ఇంటి జబ్బు.) పర్మనెంట్ మీద ఆశ వదిలేసుకుని చిన్నాన్నకి ఫోన్ కూడా చేశాను.

రెండు రోజులాగి ముసలావిడ రాసింది: "మళ్ళీ వెళ్ళాం. నువ్వు రాసింది చదువుకుంటూ గడ్డిలో వెతికితే పునాదిరాళ్ళు దొరికాయి. వరండా ఉన్నచోటే దుప్పటి పరుచుకుని, ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీ తాగాం. కొండలు రెండూ కనిపించాయి." అక్క అది రెండుసార్లు చదివి, నవ్వాపుకోడానికి పెదవి బిగించి, నా ఉద్యోగం ఖాయం చేయించింది. కానీ ఆనాటి నుంచి నేనేం రాసినా నా కుర్చీ వెనక నిలబడి ఒకటే ప్రశ్న: "ఉందా, పోయిందా?"

మామ్మ ఇప్పుడు లేదు. మొన్న చిన్నాన్నని చూడ్డానికి మా అమ్మాయి మొదటిసారి తనే కారు నడుపుతూ నన్ను సుంగై సుమున్ తీసుకెళ్ళింది. ఫోన్లో మ్యాపెందుకు, నేను చెబుతానుగా అన్నాను. కాస్త దూరం పోయాక, "కల్లుపాక కాడ ఎడంసేతికి తిప్పు" అన్నాను. అటూ ఇటూ పామాయిల్ చెట్లు తప్ప ఏమీ లేవు. చిన్నప్పటినుంచీ ఈ హోటలు కథ విని విసిగిన పిల్ల, కారాపి నా వైపు తిరిగింది.

"అమ్మా, ఉందా, పోయిందా? సెప్పు లా!"

నవ్వొచ్చింది, మామ్మ కూడా గుర్తొచ్చింది. "పోయిందే. నేనూ సూడలేదు. అయినా తిప్పు" అన్నాను.

తిప్పింది. ఇల్లొచ్చింది.