రాయి మీద సగం గుడ్డ

నా చిన్నప్పుడు సూరత్‌లో మగ్గాల చప్పుడు ఆగిపోయిన రోజులు కొన్ని ఉన్నాయి. కరోనా అని అందరం ఇళ్లలోనే ఉండేవాళ్లం. తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లం ఉండే పర్వత్ పాటియాలో మా అద్దె గదికి పైన, డాబా మీద ఒక సిమెంటు తొట్టి, అందులో రాళ్లు, నా నల్ల మోలీ చేపలు. పవర్‌లూమ్‌కు పోలేక మా నాన్న, బడి లేక నేను పొద్దంతా ఆ తొట్టి దగ్గరే కూర్చునేవాళ్లం.

ఆ చేపలు ఎప్పుడు చూసినా రాళ్లను కొరుకుతూ ఉండేవి. అది చూస్తే మా నాయనమ్మకు కడుపు తరుక్కుపోయేది. "పాపం, ఆకలికి రాళ్లు నాకుతున్నయి" అని తన కంచంలో అన్నమే తీసుకెళ్లి వేసేది. అసలే బియ్యం చూసి చూసి వండుకుంటున్న రోజులు. అడిగితే తనకు ఆకలి లేదనేది. ఆమె బుగ్గలు లోపలికి పోవడం అందరికీ కనిపిస్తూనే ఉంది గానీ, ఆమెకు చెప్పగల మొనగాడు మా ఇంట్లో లేడు. అన్నం మరిగిన చేపలు రాళ్ల జోలికి పోవడం మానేశాయి. మిగిలిన మెతుకులు కుళ్లి నీళ్లు వాసన కొట్టాయి, రాళ్లకు నాచు పట్టింది. ఒక చేప చచ్చి తేలింది. అదీ ఆకలి వల్లే అనుకుని నాయనమ్మ ఇంకో ముద్ద ఎక్కువ వేసింది.

పక్కింటి అక్క జామ్‌నగర్ వైపు సముద్ర జీవుల గురించి చదువుతూ, కాలేజీ మూసేస్తే ఇంటికొచ్చి ఉంది. ఆమె వాదన పెట్టుకోలేదు. నీళ్లు మార్పించి, ఒక రాయిని శుభ్రంగా తోమి, మా నాన్న దాచుకున్న పల్చటి నెట్ గుడ్డ ముక్కను సగం మేర కప్పి దారంతో కట్టింది. "నాయనమ్మా, గీ గుడ్డ విప్పేదాకా జర అన్నం వెయ్యకు. చేపలకేమన్న అయితే నన్ను తిట్టు" అంది. తిట్టడానికి నాయనమ్మ అప్పటిదాకా ఆగలేదు.

కొన్నాళ్లకు అక్క అందరి ముందూ గుడ్డ విప్పింది. చేపల నోరు అందని సగం పచ్చగా నాచు పట్టి ఉంది. మిగతా సగం కడిగిన కంచంలా ఉంది. చేపలు నిక్షేపంగా తిరుగుతున్నాయి.

అప్పుడు చెప్పింది అక్క. కచ్ తీరంలో నీళ్ల కింద పగడపు దిబ్బలుంటాయట. చూడటానికి రాళ్లే గానీ, అవి చిన్న చిన్న ప్రాణులు కట్టుకున్న ఇళ్లట. నాచు కమ్మేస్తే వాటికి వెలుతురు అందదు, కొత్తగా పుట్టిన పగడాలకు అంటుకోవడానికి చోటు దొరకదు. చిలుక ముక్కులాంటి నోళ్లున్న చేపలు పొద్దంతా ఆ నాచును గీరి తింటాయి కాబట్టే పగడాలు బతుకుతాయి. ఆ చేపలన్నిటినీ వలేసి పట్టేస్తే దిబ్బ మెల్లగా నాచు కింద చచ్చిపోతుంది.

"ఏందే, గివి తింటున్నయా, ఊడుస్తున్నయా?" అంది నాయనమ్మ.

"రెండూ ఒకటే నాయనమ్మా. వాటి తిండి ఆడనే ఉన్నది. నీ తిండి నువ్వు తిను."

అప్పటిదాకా ఆ మాట అనే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. నాయనమ్మ కిందికి దిగి, ఆ రోజు తన కంచంలో మెతుకు మిగలకుండా తింది. మా నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఇప్పుడు నాకు అప్పటి అక్క వయసు వచ్చింది. ఎవరినైనా చూసి అయ్యో పాపం అనబోయే ముందు, వాళ్లు ఏం చేస్తున్నారో కాసేపు ఊరికే చూడటం ఆ తొట్టి దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఇంట్లో ఎవరైనా ఆకలి లేదంటే మాత్రం నమ్మను. వెళ్లి వాళ్ల కంచం చూస్తాను.