ఎందుకయ్య చేతులు ముడుచుకున్న రోజు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ ఎందుకయ్య అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. చందమామ మన వెంటే ఎందుకొస్తాడని మూడేళ్లప్పుడు మొదలుపెట్టినవాడు, ముప్ఫై ఐదొచ్చినా ఆపలేదు మహానుభావుడు. పనిలోనూ అదే పద్ధతి. దారం తెగుతోందనో, కుట్టు వదులవుతోందనో ఎవరైనా మిషను మోసుకొస్తే, స్క్రూడ్రైవరు ముట్టుకోడు. "ముందు మీరు కూర్చుని కుట్టండమ్మా, నేను చూస్తాను" అంటాడు. రోగం సగం మిషనులో ఉంటే సగం కుట్టే చేతిలో ఉంటుందట. చూడకుండా, వినకుండా విప్పేవాడు మెకానిక్కు కాదు, వెధవ అని ఆయన సిద్ధాంతం.

ఆయన భార్య సిటీ బస్సులో కండక్టరు. "లోపలికి జరగండి! తలుపు దగ్గర నిలబడకండి!" అని ఆవిడ ఒక్క కేక వేస్తే, డ్రైవరు కూడా సీట్లో ఓ జానెడు జరుగుతాడని డిపోలో చెప్పుకుని నవ్వుతారు. అలాంటి మనిషి, పాప పుట్టిన మూడోరోజు నుంచి మాట తగ్గించేసింది. రెండు వారాలు తిరిగేసరికి ఇంట్లో ఆవిడ గొంతే వినపడటం లేదు.

ఇదే ఎందుకయ్యకి అంతుపట్టలేదు. తనవైపు నుంచి ఏం లోటు చేశాడని? అత్తగారు కాలు విరిగి మంచాన ఉంది, సొంత తల్లి ఏనాడో పోయింది. అందుకని కొట్టుకి తాళం వేసి, పురిటిల్లు మొత్తం నెత్తినేసుకున్నాడు. వంట ఆయనే, బట్టలు ఆయనే, పాపకి నీళ్లు పోయడం, భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం కూడా ఆయనే.

"ఇదేం చోద్యం నాయనా! మగాడివి, నీకెందుకొచ్చిన తంటా!" అని పక్కింటి పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఎన్ని వేల దారం చిక్కులు తీసుంటాను పెద్దమ్మా, ఇదో లెక్కా!" అన్నాడు.

పాప కెవ్వుమంటే చాలు, భార్య కంటే ముందు లేచేవాడు. "నువ్వు లేవకు, నేనున్నాగా!" పాలివ్వడానికి చేతికిచ్చి, తాగడం అయీ కాకముందే అందుకునేవాడు. ఒకసారి ఆవిడ పాపకి తడిగుడ్డ మార్చబోతే, "అలా కాదే, ఇటు ఇయ్యి" అని తనే మార్చేశాడు. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. అలిసిపోయింది కాబోలు అనుకున్నాడు, పిచ్చి మారాజు.

ఇక ఆయన ఎందుకులు మొదలయ్యాయి. తిండి చాలట్లేదా? నొప్పులు తగ్గలేదా? పాప నిద్రపోతున్నప్పుడు కూడా ఈవిడ గోడకేసి తిరిగి కళ్లు తెరుచుకునే ఎందుకుంటోంది? పాత క్యాలెండరు వెనక పాప పాలు తాగిన వేళలు, మార్చిన గుడ్డలు, భార్య తిన్న ముద్దలతో సహా రాశాడు. ముద్దలు రోజురోజుకీ తగ్గుతున్నాయి. పద్నాలుగోరోజున ఆవిడ దువ్వెన చేత్తో పట్టుకుని, దువ్వుకోకుండా పావుగంట అద్దం ముందు నిలబడిపోయింది. అది చూసేసరికి ఎందుకయ్యకి, ఈ మనిషి తనకి దక్కకుండా పోతుందేమోనని మొదటిసారి భయమేసింది.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మని ఇంట్లో కూర్చోబెట్టి, ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. కాన్పు రోజున తోడున్న నర్సు కాగితం మొత్తం చదివింది.

"అన్నీ రాశారు, బాగుంది. మరి ఆవిడేమంటోంది?"

"ఏమీ అనట్లేదండీ. అదే కదా నా బాధ!"

"మీరేం అడిగారు?"

ఎందుకయ్య వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. "తిను, పడుకో, లేవకు... ఇంతే అన్నానండీ" అన్నాడు.

"కాన్పయ్యాక కొన్నాళ్లు దిగులు మామూలే. రెండు వారాలైనా తగ్గకపోతే ఆగకూడదు. దానికి వైద్యం ఉంది. ఇవాళ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకురండి. ఈలోగా ఆవిణ్ణి అడగండి. అడిగి ఊరుకోండి. జవాబు కూడా మీరే చెప్పేయకండి."

దారిపొడుగునా తనని తాను తిట్టుకున్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. లోకాన్నంతా ఎందుకని అడిగినవాడు, ఇంట్లో మనిషిని ఒక్కసారీ అడగలేదు. చూడకుండా, వినకుండా విప్పేవాణ్ణి ఏమంటారో ఆయన సిద్ధాంతంలోనే ఉంది.

ఇంటికొచ్చి, పెద్దమ్మని పంపించి, మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నీకెలా ఉందే?"

ఆవిడ గోడకేసే చూస్తోంది. ఇంకో మాట అనకుండా చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఉయ్యాల్లో పాప కదిలింది, మూలిగింది, కెవ్వుమంది. ఆయన కాళ్లు వాటంతటవే లేవబోయాయి. బలవంతాన ఆపుకున్నాడు.

ఆవిడ ఇటు తిరిగింది. "లేవవేం?"

"నువ్వు చెప్పు. నేను వింటాను."

"ఏం చెప్పను? దాన్ని ఎత్తుకుంటే జారిపోతుందేమోనని భయం. నీ దగ్గర ఊరుకుంటుంది, నా దగ్గర ఏడుస్తుంది. అన్నీ నువ్వే చేస్తున్నావు, బాగా చేస్తున్నావు. నేను లేకపోయినా మీ ఇద్దరికీ ఏం లోటు అనిపిస్తోంది. రోజూ అదే అనిపిస్తోంది."

ఎందుకయ్య, అవేం మాటలే అని కసురుకోబోయి, నర్సు చెప్పింది గుర్తొచ్చి ఆ మాట మింగేశాడు. కళ్లనీళ్లు మాత్రం మింగలేకపోయాడు.

"నాకు తెలీలేదే. తెలుసుకోలేదు" అన్నాడు. "సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. ఈ మాట ఆవిడకీ చెప్పు. నేను పక్కనే ఉంటాను. మధ్యలో మాట్లాడను."

"నువ్వా? మాట్లాడకుండానా?" అంది ఆవిడ. పదిహేను రోజుల్లో అంత పొడుగు వెటకారం అదే.

పాప ఏడుపు పెరిగింది. ఆవిడే లేచింది. మెడకింద చెయ్యి వేసి ఎత్తుకుంది. దుప్పటి ఒకపక్క వేలాడుతోంది, టోపీ కంటిమీదకి జారింది. ఎందుకయ్య అన్నీ చూశాడు, ఒక్కటీ అనలేదు. అంత కష్టమైన పని ఆయన ఈ జన్మలో చేయలేదు.

పాప వెంటనే ఊరుకోలేదు. ఆవిడ ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది, మళ్లీ నడిచింది. ఉండబట్టలేక ఎందుకయ్య ఎప్పుడు లేచాడో లేచాడు, పాప జారితే అందుకునేలా గుమ్మంలో తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఆరోసారో ఏడోసారో తిరిగేటప్పటికి ఏడుపు వెక్కిళ్లకి దిగింది. ఆవిడ తలెత్తి గుమ్మంకేసి చూసింది. వాడక వాడక గొంతు బొంగురుపోయింది.

"లోపలికి జరగండి. తలుపు దగ్గర నిలబడకండి."

ఎందుకయ్య ఎందుకని అడగలేదు. లోపలికి జరిగాడు.