మామకు నేను నేర్పిన అక్షరాలు

మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అదీ అయిదో తరగతి వరకే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మా మామ కళ్ళ సంగతితో మొదలుపెడుతున్నాను.

మామ ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కేవాడు. కాడ మీద పువ్వులు, తీగలు చెక్కడంలో ఆయనకు పేరుండేది. నేను కాపురానికి వచ్చిన రెండో ఏటికి ఆయన చూపు తగ్గింది. చెంచాను చెయ్యి చాచినంత దూరం పెట్టి చూసేవాడు. అంత దూరాన పెడితే ఉలి ఆడదు. పువ్వుల పని పోతే ఇక బతికినన్నాళ్ళూ మొద్దు గరిటెలే చెక్కుకోవాలని ఆయన భయం.

అప్పట్లో కళ్ళద్దాల డాక్టరు అని మేం పిలిచే ఒకాయనకు ఆత్మకూరులో, బస్సులు ఆగే చోట అంగడి ఉండేది. వారానికి ఒకరోజు ఉదయగిరి వచ్చి ఒక అద్దె గదిలో కూర్చునేవాడు. చేతికి ఒక అట్ట ఇచ్చి చదవమనేవాడు. పైన పెద్ద అక్షరాలు, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి.

మామ మొదటిసారి పోయి గుమ్మంలోనుంచే తిరిగొచ్చాడు. ముందున్న ముసలాయనకు అక్షరాలు రాకపోతే వెనకున్నవాళ్ళు నవ్వారట.

"అమ్మే, ఆ అట్ట మీద ఏముండాదో చూసి రా. నాకు నేర్పు."

అలాంటి అట్టే ఒకటి గది కిటికీకి వేలాడేది. నేను చూసి వరుసగా గుర్తుపెట్టుకుని వచ్చాను. ఆకురాయితో చెంచాలు సాపు చేస్తూ మామ వారమంతా వల్లించాడు.

"గ, ట, ర, మ... తర్వాతేందే?"

"ప, మామా."

వంటింట్లోంచి మా అత్త, "ఇంకేం, రేపు పలక కొనిద్దాం" అనేది.

తరువాతి వారం మామ అట్ట అందుకుని పైనుంచి కిందిదాకా తడబడకుండా చెప్పేశాడు.

"పెద్దాయనా, ఈ వయసులో ఇంత చూపు నేను చూళ్ళేదు. నీకు అద్దాలు అక్కర్లేదు, పో" అన్నాడు డాక్టరు.

నిజం చెప్పుకోవడానికి మామకు సిగ్గు. ఇంటికొచ్చాడు. మూడోనాడు ఉలి జారి ఎడమ బొటనవేలు తెగింది. గాయం మానాక, ఆత్మకూరు అంగడికే పోతాను, అక్కడ కళ్ళు చూసే సామాను ఎక్కువ ఉంటుంది అన్నాడు. అత్త నన్ను తోడు పంపింది.

డాక్టరు ఆయన్ని గుర్తుపట్టలేదు. అక్కడా అదే అట్ట. మామ "గ, ట, ర, మ" అని మొదలుపెట్టాడు. మళ్ళీ అద్దాలు లేకుండానే వెనక్కి పోతామని నాకు తెలిసిపోయింది. మామ ఎదుట, పదిమందిలో, నేను ఎన్నడూ నోరు విప్పినదాన్ని కాదు.

"అయ్యా, ఆయన చూసి చెప్పడంలా. నేనే నేర్పినాను. ఆయనకు అక్షరాలు రావు."

"నోరు ముయ్యే! దాని మాట వినబాకయ్యా. నాకు వచ్చు, చూడు."

డాక్టరు అట్టను తీసుకుని, తలకిందులు చేసి, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చాడు. మామ గొంతు పెంచి "గ, ట, ర, మ, ప" అంటూ చివరిదాకా చెప్పాడు. బెంచీ మీదివాళ్ళు ఘొల్లున నవ్వారు. మామ తల దించుకున్నాడు.

"చదువు ఎవరడిగినారు పెద్దాయనా? నాకు కావాల్సింది నీ కన్ను" అని డాక్టరు సూది, దారం తెప్పించాడు. ముక్కు మీది చట్రంలో అద్దాలు మారుస్తూ దారం ఎక్కించమన్నాడు. నాలుగో అద్దానికి ఎక్కింది.

బస్సులో మామ నా వైపు చూడలేదు. ఇంట్లో కూడా మాట్లాడలేదు. తయారైన అద్దాలను డాక్టరు తరువాతి వారం ఉదయగిరి గదిలో ఇచ్చాడు.

మామ అవి పెట్టుకుని, నెల్లూరికి పంపడానికి సిద్ధంగా ఉన్న చెంచాల గంప ముందర కూర్చున్నాడు. ఒకటి తీసి చూశాడు. ఇంకొకటి తీశాడు. రేకులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తీగలు మధ్యలో తెగి ఉన్నాయి.

"ఇవి నేను చెక్కినవేనా?" అన్నాడు అత్తతో.

"మాకు బాగానే ఉండాయి."

"మీకేం తెలుసు."

సరిచేయగలిగినవి ఒకపక్క పెట్టాడు. మిగిలినవి పొయ్యి దగ్గరికి తోశాడు, అవే ఎక్కువ. తరువాత నన్ను పిలిచాడు. ఆత్మకూరు నుంచి వచ్చాక అదే మొదటిసారి.

"అమ్మే, ఆ సన్న ఉలి ఇట్టియ్యి."