మిషను గోడ

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. సైట్ ఇంజినీరుగా సిమెంటు, ఇసుక మధ్య బతికినవాణ్ణి. టేపుతో కొలవలేనిదాన్ని నమ్మే రకం కాదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఇదివరకు మా ఆవిడకొక్కదానికే చెప్పాను. ఆవిడ కూడా నవ్వింది.

2006 చలికాలం. అబుదాబీలో బనియాస్ దాటాక ఎడారిలో ఒక అర్బాబ్, అంటే అరబ్బు యజమాని, గుర్రాల ఫారం కట్టిస్తున్నాడు. ఆయన అమెరికాలో చదువుకున్నప్పుడు, స్పెయిన్ పాలనలో ఫాదరీలు నడిపిన ఒక పాత పశువుల క్షేత్రం చూసి మనసు పారేసుకున్నాడట. అచ్చం అలాంటిదే కావాలన్నాడు. మట్టిరంగు గోడలు, వంపుల వరండా, గేటు పక్కన మూడు కమానుల గంట గోడ. గంట మాత్రం వద్దన్నాడు, పక్కనే మసీదు ఉంది కదా.

డ్రాయింగు మీద ‘మిషన్ రాంచ్’ అని ఉండేది. మా మేస్త్రీ మస్తాన్‌ది నెల్లూరు. ఆ పేరు ఎవరిచేతో చదివించుకుని మధ్య కమానులో నాలుగు బోల్టులు పాతేశాడు.

“మిషను పెడతారని రాసుండారు గదా సార్? బిగించేదానికి బోల్టులు వద్దా?”

కడుపుబ్బ నవ్వాను. మిషనంటే యంత్రం కాదయ్యా, మన ఊళ్లల్లో మిషన్ ఆస్పత్రి ఉంటుందే, ఆ మిషన్ అని చెప్పాను. బోల్టులు కోయించాం. పేరు మాత్రం మిషను గోడగానే స్థిరపడిపోయింది.

గేటు దగ్గర పెట్టే చరిత్ర బోర్డు రాసే పని కూడా నా నెత్తినే పడింది. అర్బాబ్ ఇచ్చిన కాగితాలు చదివాను. అమెరికాలోని ఆ పాత క్షేత్రంలో పశువులు కాసింది, ఇటుకలు కోసింది ఆ నేల మీద పుట్టిన జనమే. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. ఒకసారి ఫాదరీల దగ్గర చేరాక వదిలి వెళ్లడానికి లేదు. పారిపోతే పట్టి తెచ్చేవారు. నేను అదంతా వదిలేసి గుర్రాల గురించీ ద్రాక్షతోటల గురించీ రాసి పంపాను.

ఆ వారమే మస్తాన్ భార్యకు ఆపరేషన్ అన్నారు. ఇంటికి వెళ్తానన్నాడు. పనివాళ్ల పాస్‌పోర్టులు నా సొరుగులో, నాది మేం ముదీర్ అని పిలిచే మేనేజరు బీరువాలో ఉండేవి. అది కంపెనీ పద్ధతి. గోడల పూత అయ్యేదాకా ఆగమన్నాను. సున్నం పూతలో అతని చేతివాటం ఇంకెవరికీ లేదు. నిజం చెప్పాలంటే, నాకు నా పనే ముఖ్యమైంది.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు.

“మిషను మోగతా ఉండాది సార్, తెల్లారేటప్పుడు. పనికి రమ్మంటుండాదో, ఇంటికి పొమ్మంటుండాదో తెలవటంలా.”

సెలవు కోసం వేషాలనుకున్నాను. “యల్లా, పని చూడు” అన్నాను.

మర్నాడు పొద్దున పొగమంచు. గేటు దగ్గర కారు దిగితే నా చెయ్యి నాకే కనపడలేదు. ఫారంలోకి గుర్రాలింకా రానేలేదు, అయినా పశువుల వాసన, తడిగడ్డి వాసన. చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తున్న చప్పుడు నా పక్కనుంచే పోయింది. భయం వేయలేదు. కునుకు పట్టబోయే ముందు ఉండే హాయిలాంటిదేదో కమ్మింది. అప్పుడు గంట మోగింది, మెల్లగా, మూడుసార్లు. సరిగ్గా నా తలపైన.

మంచు విడిచాక నిచ్చెన వేయించి ఎక్కాను. మధ్య కమాను అంచున వేలు పట్టేంత గాడి ఉంది. ఏళ్ల తరబడి చేంతాడు ఒరిసిన బావి రాయిలా నున్నగా ఉంది. ఆ పూత ముందురోజు సాయంత్రం మస్తాన్ వేసిందే, ఇంకా తడి కూడా ఆరలేదు. అతను కింద నిలబడి నా మొహమే చూస్తున్నాడు. నాకు సిగ్గేసింది.

తిన్నగా వెళ్లి సొరుగు తీసి పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టాను. మర్నాడే ఫ్లైటెక్కాడు.

ఆ గాడి ఎలా పడిందో, ఆ గంట ఎక్కడిదో నాకు ఇవాళ్టికీ తెలియదు.

పది రోజులకు ఒక తెల్లవారుజామున, నేను సైటులో ఉండగా నెల్లూరు నుంచి ఫోన్ చేశాడు. ఆపరేషన్ బాగా జరిగిందట. ఆమె లేచి కూర్చుందట. నాకు ప్రాణం కుదుటపడింది. పెట్టేసే ముందు అడిగాడు, “మిషను ఇంకా మోగతా ఉండాదా సార్?”

మోగడం లేదన్నాను. అటువైపు అతనికి వినపడకుండా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.