రాణి మొదటి గెలుపు

1979 జనవరిలో నన్ను నర్సంపేట పశువైద్యశాలకు అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. చేరిన నెలకే పశు ప్రదర్శన వచ్చింది. ఎడ్లకు, బర్రెలకు మార్కులు వేయడంతో పాటు చివర్లో జరిగే గుర్రప్పందానికి తీర్పు చెప్పడం కూడా ఆ కుర్చీలో ఉన్నవాడి పనే.

ప్రదర్శనకు వారం ముందు సాంబయ్య ఒక ఆడ గుర్రప్పిల్లను తీసుకొచ్చాడు. హైదరాబాదులో పందెపు గుర్రాల దగ్గర ఇరవై ఏళ్లు సాయిసుగా, అంటే వాటికి మాలీసు చేసి మేపే మనిషిగా, పనిచేసి వచ్చినవాడు. ఒక్క పందెమూ గెలవలేదని విసుగెత్తి యజమాని దీన్ని అతనికే ఇచ్చేశాడట. పేరు రాణి. వెంట సాంబయ్య భార్య లచ్చమ్మ, ఆమె తమ్ముడు ఐలయ్య వచ్చారు. ఐలయ్య మగ్గం నేసే బక్కపలచని మనిషి. బరువు తక్కువని స్వారీకి అతన్నే కుదిర్చారు.

“దీనికేం రోగం లేదు గదా సారూ? మరెందుకు గెలుస్తలేదు?” అని సాంబయ్య అడిగాడు.

“ఈసారి గెలువకుంటే జట్కాకు కడ్తం సారూ. మా ఇద్దరి కంటే ఎక్కువ తింటాంది,” అంది లచ్చమ్మ.

సాంబయ్య గుర్రం మెడ నిమిరి, పగ్గం నా చేతికిచ్చాడు.

నేను పద్ధతి ప్రకారం చూశాను. పళ్లను బట్టి వయసు మూడేళ్లు. కాళ్లలో వాపు గానీ వేడి గానీ లేవు. దవడ కింద నాడి నిదానంగా ఉంది; పరుగెత్తించాక పది నిమిషాల్లో మళ్లీ కుదురుకుంది. ఐలయ్య ఎక్కినప్పుడు మాత్రం చెవులు వెనక్కి వాల్చింది, అడుగు తడబడింది. కొత్త మనిషి కదా అనుకుని దానికి పెద్దగా విలువ ఇవ్వలేదు. మూడో స్థానం రావచ్చని చెప్పాను.

పందెంలో ఐదు గుర్రాలు. జెండా ఊపగానే రాణి ఒళ్లు ఒక్కసారి విదిలించింది. ఐలయ్య అక్కడే కిందపడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు, దుమ్ము దులుపుకొని అందరితో పాటు పందెం చూశాడు. రాణి ఒంటరిగా మిగతా నాలుగింటినీ వెనకేసి ముందుగా గీత దాటింది. రెండోది షామియానాలు వేయించిన కంట్రాక్టరు గుర్రం.

రౌతు లేని గెలుపు చెల్లదని కంట్రాక్టరు లేచాడు. పెద్ద రేసుల్లో నియమం అదే. సాంబయ్యకు అది నాకన్నా బాగా తెలుసు. కానీ అతను గోడకు అంటించిన మా నియమాల కాగితం ఊడదీసుకొచ్చి నా ముందు పెట్టాడు.

“‘ముందుగా గీత దాటిన గుర్రం’ అని రాసిండ్రు సారూ. మనిషి ముచ్చట ఏడుందో జర సూపెట్టుండ్రి.”

కింద సంతకం నాది. రెండుసార్లు చదివాను. మనిషి ఎక్కడా లేడు. కప్పు రాణికే ఇచ్చాను. ఫొటోలో ఐలయ్య కూడా నిలబడ్డాడు. కంట్రాక్టరు అప్పటికప్పుడే షామియానాలు విప్పించుకుపోయాడు; పెద్దల ఉపన్యాసాలన్నీ ఎండలో సాగాయి.

మరుసటి ఏడు నియమంలో ‘పైన రౌతు ఉండగా’ అని చేర్చాను. రాణి ఐలయ్యతో సహా పరుగెత్తి ఐదోదిగా వచ్చింది. లచ్చమ్మ తన మాట నెగ్గించుకుంది. జట్కాకు కట్టాక మాత్రం బస్టాండు దారిలో రాణిని దాటిన బండి లేదు; వీపు మీద ఎవరూ లేరు మరి.

కాళ్లూ నాడీ చూసి గుర్రం గెలుపోటములు చెప్పకూడదని, అందరికీ తెలిసిందే కదా అని నియమంలో ఏదీ రాయకుండా వదలకూడదని అప్పుడు తెలిసింది. తర్వాతి సర్వీసులో ఎక్కువగా పనికొచ్చింది రెండోదే.